పసుపు నీళ్ల మీద దిగిన హెలికాప్టర్

ఇబ్రహీంపట్నం చుట్టూ పొలాలు ప్లాట్లుగా మారుతున్న ఏళ్లలో, మా వీధిలోని ప్లాట్ల వ్యాపారి తన కొడుకును పెళ్లి మండపానికి హెలికాప్టర్‌లో రప్పించాలని నిశ్చయించాడు. అంతకుముందు ఇంకో వ్యాపారి కొడుకు ఏనుగు మీద వచ్చాడు. ఏనుగు తర్వాత మిగిలింది ఆకాశమే.

కింద ఏర్పాట్లు చూసే పని నాకు అప్పగించారు. మా శాఖా గ్రంథాలయంలో ఒక లావుపాటి ఇంగ్లిషు పుస్తకం ఉండేది. స్కీయింగ్ చేసే మంచు కొండల మీద హెలికాప్టర్లను ప్రమాదం లేకుండా ఎలా దింపాలో అందులో ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని దాన్ని అంతకుముందే రెండుసార్లు చదివాను. చదివింది చాయ్ హోటల్లో చెప్పే అలవాటు నాకు ఉంది; అలా ఆ సంగతి వ్యాపారి చెవిన పడింది.

"గీడ మంచెక్కడిదిరా?" అన్నాడు వ్యాపారి.

"మంచైనా దుమ్మైనా ఒకటే అన్నా. రెక్కల గాలికి లేస్తది. పైలట్‌కు నేల కనబడదు. కనబడకుంటే..."

"పెండ్లింట్ల గా మాట అనకు. ఏం కావాలె చెప్పు."

"నీళ్ల ట్యాంకర్."

మండపం వెనక ఇంకా అమ్ముడుపోని ప్లాట్లను ట్యాంకర్‌తో తడిపించాను. అడ్డొచ్చే హద్దురాళ్లు పీకించాను. షామియానా తాళ్లు బిగించి, నేల మీద తడి సున్నంతో హెచ్ అక్షరం వేయించి, టిఫిన్‌కు వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి పెళ్లికొడుకు మేనత్త నలుగురు ఆడవాళ్లతో కలిసి ఆ అక్షరం చుట్టూ ముగ్గు వేసింది. పొడి ముగ్గు. తామరలు, ఒక నెమలి, లోపల దోసిళ్ల కొద్దీ రంగులు. చాలా బాగుంది.

"అక్కా, గిదంతా గాలికి లేస్తది. పైలట్‌కు తెల్లగ తప్ప ఏం కనబడదు. తుడవాలె."

"పెండ్లి ముగ్గు తుడుస్తరా? నోరు కడుక్కో తమ్మీ."

"హెలికాప్టర్ల ఉండేది నీ మేనల్లుడే."

ఆమె ఒకసారి ఆకాశం వైపు చూసింది. "గంత పెద్ద మిషిన్ ముగ్గుకు భయపడ్తదా?"

"మిషిన్ భయపడదక్కా. నేను భయపడుతున్న."

అప్పుడే ఫోన్ వచ్చింది. హెలికాప్టర్ బేగంపేటలో లేచిందట. పుస్తకంలో ముగ్గు గురించి ఏమీ లేదు.

"తుడవొద్దు," అన్నాను. "పసుపు నీళ్లు చల్లుదాం. మంచిదే కద?"

ఆమె ఆలోచించింది. "అవ్, అది మంచిదే."

వంటవాళ్ల దగ్గరి పసుపంతా ట్యాంకర్ పక్కన ఉన్న డ్రమ్ములో పడింది. ఆడవాళ్లు బిందెలతో కుమ్మరించారు. నెమలి ముందు పోయింది, తర్వాత తామరలు. ముగ్గు, రంగులు, పసుపు కలిసి చక్కటి బురదైంది.

గాలికి వీపు పెట్టి నిలబడి, పైలట్‌కు గుర్తుగా రెండు చేతులూ ఎత్తాను. ఒక్కరే ఎత్తాలని, లేకపోతే ఎవరిని చూడాలో పైలట్‌కు తెలియదని పుస్తకంలో ఉంది. నా వెనక ఊరంతా చేతులెత్తింది.

"దించుండ్రి!" అని అరిచాను.

"నువ్వు దించు ఫస్ట్!" అన్నారెవరో.

హెలికాప్టర్ ఒక చుట్టు తిరిగి దిగింది. దుమ్ము లేవలేదు. నా తెల్ల చొక్కా మీద మాత్రం పసుపు చుక్కలు పడ్డాయి. రెక్కలు ఇంకా తిరుగుతుండగానే మేనత్త హారతి పళ్లెంతో తోక వైపు నుంచి బయల్దేరింది. తోక మీద గిర్రున తిరిగే చిన్న రెక్క కంటికి కనబడదని పుస్తకంలో ఉంది. అడ్డంగా చేతులు చాచాను.

"జరుగు తమ్మీ, హారతి ఆరిపోతది."

"ఆరనియ్యక్కా."

ఆరిపోయింది. రెక్కలు ఆగాక పెళ్లికొడుకు దిగాడు. కొత్త బూట్లు చీలమండల దాకా పసుపు బురదలో దిగబడ్డాయి. మనిషికి ఏమీ కాలేదు.

పైలట్ దిగి, నేలను ఇంత బాగా తడిపింది ఎవరని హిందీలో అడిగాడు.

"మైఁ," అంది మేనత్త.

ఆమె చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా పసుపుగా ఉన్నాయి. అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నేను చాచిన చేతులు దించాను.