అక్క ఊరి మీద పొగమంచు

అలాస్కాలో వాసిలీ ఊరి నుంచి అక్క ఒలింకా ఊరికి చిన్న విమానంలో ఇరవై నిమిషాలు. మధ్యలో రోడ్డు లేదు, అంతా చిత్తడి నేల. బావ పోయిన ఈ ఆరేళ్లలో ఆ ఇరవై నిమిషాలు ఎగరడానికి వాసిలీకి తీరిక దొరకలేదు. వెళ్తే ఇంటికప్పు బాగుచేయాలి, ఏడుపు వినాలి. అందుకే ఫోన్లో ఎప్పుడూ ఒకటే పాట. "మీవైపు ఒకటే పొగమంచటక్కా, విమానం దిగదంటున్నారు."

"సరేలే తమ్ముడూ, మంచు విడిచాకే రా," అనేది ఒలింకా.

అక్క కోసం కదలనివాడు పంటినొప్పికి కదిలాడు. పట్నం వెళ్లే విమానం టపా సంచుల కోసం దారిలో అక్క ఊళ్లోనే దిగింది. వాసిలీ టోపీ ముఖం మీదికి లాక్కుని ముడుచుకున్నాడు.

"దిగవయ్యా, సంచులు సర్దాలి," అన్నాడు పైలట్. "అదుగో, మా వాతావరణం పెద్దమ్మ. ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే ఇక్కడి ఆకాశం ఎలా ఉందో రేడియోలో మాకు చెప్పేది ఈవిడే."

రన్‌వే పక్కన, రేడియో పట్టుకుని నిలబడింది ఒలింకా.

వాసిలీకి తల కొట్టేసినట్టయింది. ఏ రోజు పొగమంచు ఉందో, ఏ రోజు లేదో ఆవిడకి తెలుసు. తెలిసే సరేలే అంది.

ఒలింకా వచ్చి వాచిన అతని దవడ తడిమింది. "బాగా నొప్పిగా ఉందిరా?"

అంతలో రేడియోలో ఇంకో పైలట్ వాతావరణం అడిగాడు. తమ్ముడి మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది:

"ఆకాశం తేటగా ఉంది. గాలి లేదు. రావాలనుకున్నవాళ్లు రావచ్చు."