మొదలాళిని నువ్వెవరని అడిగిన మిషను

మోడెం కూతకు వీధిలో పోయేవాళ్ళు ఆగి చెవులు రిక్కించే ఆ కాలంలో, తమిళనాడులో మా రాజపాళయం మొత్తానికి కంప్యూటరు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. (సరే, మా నూలుమిల్లు మొత్తానికి. అదీ ఆ గది తాళంచెవి నా దగ్గర ఉండేది కాబట్టి.) ఫోను లైనుకు ఆ డబ్బా తగిలించి, మా మొదలాళి ఇంట్లో కూర్చునే మిల్లు సంగతులు చూసుకునేలా చేశానంటే, నన్ను చూడడానికి తళవాయిపురం నుంచి బస్సుల్లో జనం వచ్చారు. (ఒక్కడు వచ్చాడు. అదీ వేరే పనిమీద.)

మొదలాళి అంటే మా మిల్లు యజమాని. ఆయన్ను మామా అని పిలవనివాడు, ఆయన ఎదురైతే సైకిలు దిగనివాడు ఊళ్ళో లేడు. అలాంటాయన మొదటిరోజు కూర్చోగానే, పేరేమిటి, పాస్‌వర్డు ఏమిటి అని తెర నిలదీసింది. వెంటనే నాకు ఫోను. "యేమిరా, నా మిల్లు మిషను నన్నే నువ్వెవురని అడుగుతాదా? గేటుకాడ వాచ్‌మేను అడుగుతాడా నన్ను?"

"లేదు మామా."

"మరి దీనికేమిరా అంత తిమురు?"

మిషనుకు అంత పొగరెందుకన్నది న్యాయమే అనిపించింది. ఆయనకు మాత్రం పాస్‌వర్డు తీసేశాను. పేరు కొడితే చాలు, మర్యాదగా తలుపు తెరుచుకునేది.

కొన్నాళ్ళకు ఆయన కొడుకు, బయటివాళ్ళెవరైనా ఫోను లైనులోంచి లోపలికి దూరగలరేమో చూడమని మద్రాసు నుంచి ఒక తెలుగువాణ్ణి పిలిపించాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేనుండగా పరీక్షా? పైగా ఆ పెద్దమనిషి, "సేత్తూరులో మీ తోట ఇంటి ఫోను నుంచి ప్రయత్నిస్తాను సార్" అని చెప్పి మరీ బయలుదేరాడు. చెప్పి వచ్చే దొంగను ఎక్కడైనా చూశారా? "చీమ దూరినా నన్ను పనిలోంచి తీసేయండి" అని అందరి ముందూ అనేశాను. మిల్లులో పని ఉందనే ఒకాయన నాకు పిల్లనివ్వడానికి ఒప్పుకున్న రోజులవి!

సాయంత్రం నా టీ చల్లారకముందే గదిలో ప్రింటరు తనంతట తాను గరగరలాడింది. కాగితం మీద ఇంగ్లీషులో, "నమస్కారం సార్, లోపలే ఉన్నాను."

మద్రాసాయన తిరిగి రాగానే మొదలాళి అందరినీ పిలిపించారు. "యెవురి పేరుతో పోయినావు నాయనా?"

"మీ పేరుతోనేనండీ. దానికి పాస్‌వర్డే లేదు."

"లేకుండా చేసినది యెవురు?"

తలలన్నీ నావైపు తిరిగాయి. నేను ఛాతీ విరుచుకుని, "మీరు కోప్పడితేనే చేసినాను మామా!" అని గర్జించాను.

ఇన్నేళ్ళుగా ఇలాగే చెబుతున్నాను. నిజానికి నా కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాను. లోపల మాత్రం ఒకటే గొణుగుడు: పెద్దవాళ్ళకు మర్యాద ఇవ్వడం కూడా తప్పేనా? ఆ పెళ్ళి కూడా పోవాలా?

మొదలాళే అందరివైపూ తిరిగారు. "వాడినేమీ అనద్దండ్రా. నన్ను అడగద్దన్నది నేనే. ఇంక నన్నూ అడగనీ."

నా పని ఊడలేదు, పెళ్ళీ అయింది. ఆయన తన పాస్‌వర్డు తనే పెట్టుకున్నారు, ఎవరికీ చెప్పలేదు, మర్నాటికి మరిచిపోయారు. కొత్తది పెడితే అదీ మరిచిపోయేవారు. పొద్దున్నే ఫోను: "రేయ్, ఈ మిషను నన్ను నమ్మలేదురా. నేనే అని దానికి కొంచెం చెప్పరా." నవ్వు వినబడకుండా ఫోను చేత్తో మూసేవాణ్ణి.

మొన్న బ్యాంకు యాప్ ఎంతకీ నన్ను లోపలికి రానివ్వలేదు. "నేనెవరో తెలుసా నీకు?" అని దానిమీద అరిచాను. మనవరాలు రెండు చేతులతో నోరు మూసుకుని పక్కగదిలోకి పరుగెత్తింది.