గుంట పడని కాలు

మంగళవారం పొద్దున విడవలూరు వైపు నుంచి వచ్చిన మనిషి, మా గుమ్మంలో నిలబడి, "మీ అక్క పోయిందన్నా, అదే, మహారాణి," అన్నాడు. అది ఆమె పేరు కాదు. ఆమె జబ్బుపడి లేవలేకపోయిన ఏడాదిలో ఊరు ఎగతాళిగా పెట్టిన పేరు. పదేళ్ళయినా దాన్ని వదల్లేదు, చచ్చిపోయినా వదల్లేదు. ఆ ఒళ్ళుమంటతోనే ఇది రాస్తున్నాను.

మా అక్క సముద్రపు ఒడ్డున చేపలు చీల్చి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి బతికింది. ప్రతి చేపనూ బొటనవేలితో నొక్కి చూసేది. నొక్కినచోటు తిరిగి పైకి లేస్తే తాజా సరుకు. గుంట నిలిచిపోతే పడవవాడికి తిట్లు. ఆ వేలు తప్పు చెప్పడం నేనెరగను.

పంతొమ్మిదివందల యాభైలు ముగిసే రోజుల్లో ఆమె ఒళ్ళు ఉబ్బింది. గొంతు బొంగురుపోయింది. రోహిణి ఎండల్లో దుప్పటి కప్పుకుని వణికేది. కూర్చున్నచోటే నిద్రపోయేది. ఒంటికి నీరు పట్టిందన్నారు. అవునని తేల్చింది నేనే. నాది పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని. బడికి పోయింది మూడేళ్ళే అయినా, కుట్టడానికి వచ్చిన ప్రతిదీ చదివే తిరిగిచ్చేవాణ్ణి. ఒకసారి పంచాంగం చదివి ముగ్గురికి ముహూర్తాలు పెట్టాను. ఆ గోడు ఇప్పుడొద్దు. ఒక వైద్యం పుస్తకంలో, నీరు పడితే ఉప్పు మాన్పించి నీళ్ళు తగ్గించాలని ఉంది. తర్వాతి పేజీలు చెదలు తినేశాయి. మిగిలిందే శాస్త్రమనుకున్నాను.

ఏడాదిపాటు ఆమెను మా ఇంట్లో ఉంచుకుని చప్పిడి గంజి పోశాం. నీళ్ళకుండ ఉన్న గదికి తాళం వేశాం. వేళ్ళు నాకుతోందని ఉప్పు పని మాన్పించాం. చూడవచ్చిన డాక్టరు ఆమెను ఒక్క మాటైనా అడగకుండా నీరు లాగే మందు రాసిపోయాడు.

ఒకరోజు అక్క నా చెయ్యి లాగి తన కాలి మీద పెట్టుకుంది.

"నొక్కరా అబ్బయ్యా. గుంట పడిందా?"

పడలేదు.

"ఉత్త నీరైతే పడదా? మీరనుకునే జబ్బు గాదిది. దప్పికగా ఉండాది, చెంబుడు నీళ్ళియ్యి."

పుస్తకంలో అలా లేదన్నాను. ఇవ్వలేదు.

చివరికి నెల్లూరులో ఒక డాక్టరమ్మ ఆమె చెప్పింది విని, తానూ కాలు నొక్కి చూసింది. మెడలో ఒక గ్రంథి ఉందట. దాని రసం తగ్గితే చర్మం కింద జిగురులాంటిది పేరుకుని నీటిని తనలో బంధించుకుంటుందట. వదులుగా ఉన్న నీరైతే వేలికి పక్కకు జరిగి గుంట పడుతుంది, ఈ జిగురులో చిక్కిన నీరు కదలదు. మంచినీళ్ళు మాన్పిస్తే జిగురు పోదు, మనిషే ఎండిపోతుంది. "ఈమెకు నీళ్ళు ఆపిందెవరు?" అని అడిగింది. నేను గోడమీది క్యాలెండరు చదువుతూ నిలబడ్డాను.

ఇచ్చిన మాత్ర, పశువుల మెడలోని ఆ గ్రంథినే ఎండబెట్టి చేసినదట. "ఎండబెట్టిన సరుకేనా? అయితే మన వైద్యమే," అని అక్క ఏడాదికి మొదటిసారి నవ్వింది. కొన్ని నెలలకు వాపు దిగింది, దుప్పటి దండెం ఎక్కింది, ఆమె మళ్ళీ చేపల ముందు కూర్చుంది.

తప్పయిందని ఎవరైనా అన్నారా? ఊరు అనలేదు. నేనూ అనలేదు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా ముందు నాకు చెంబెడు నీళ్ళిచ్చి, ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చునేది.

"తాగు అబ్బయ్యా. ఈడెవురూ తాళం వెయ్యరులే."

మొన్న నేను వెళ్ళేసరికి ఆమెను తీసుకుపోయారు. గూట్లో చెంబు ఉంది, నిండుగా, మూత వేసి. దాని మెడకు ఎండిన చేప పొలుసొకటి అంటుకుని మెరుస్తోంది.