మేక తిల్లి మందు, మల్లవ్వ బర్రె

నేను నోరు తెరిచి నిజం చెప్పినందుకు, హుజూరాబాద్ దగ్గరి ఒక ఊళ్లో దొడ్లన్నీ ఖాళీ కావలసింది. ఇప్పుడు మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజు మాత్రం నాకు ముచ్చెమటలు పోశాయి.

అప్పుడు నేను పశువుల దవాఖానలో కొత్త కంపౌండర్ని. పక్క ఊళ్లో పెద్దరోగం వచ్చి ఎడ్లూ బర్రెలూ టపటపా రాలిపోతున్నాయి. అది ఈ ఊరికి చేరేలోగా సూదులు వేయాలి. తీరా ఊళ్లోకి వచ్చేసరికి మా డాక్టరుగారి గొంతు పూడుకుపోయింది.

"నువ్వే మాట్లాడు. మందు ఎట్ల చేస్తరో అడుగుతరు. ఏదీ దాచకు," అని గుసగుసగా చెప్పారు.

దాచకపోవడమంటే ఏమిటో ఆ రోజు నేను లోకానికి చూపించాను. జనం ముందు నిలబడి మొదలుపెట్టాను.

"ముందుగాల మేకలకు గీ రోగమే అంటిస్తరు. తర్వాత వాటిని కోసి, తిల్లి, అంటే ప్లీహం, నూరి మందు చేస్తరు. గదే మీ పశువులకు ఎక్కిస్తం."

తన ఒక్కగానొక్క బర్రె పలుపు పట్టుకుని ముందు నిలబడ్డ ముసలి మల్లవ్వ అడిగింది.

"అంటే రోగాన్నే సీసల పోసుకొచ్చిండ్రా, బిడ్డా?"

"అవునవ్వా!" అన్నాను, పాఠం అర్థమైన పిల్లను చూసిన పంతులులా మురిసిపోతూ.

వెనకున్న ఎడ్లు ఇంటిదారి పట్టాయి.

"ఆగుండ్రి! మేకల ఒంట్ల తిరిగి తిరిగి గా రోగం నీరసపడ్డది!"

"నా బర్రె ఒంట్లకొచ్చి, కుడితి తాగి మళ్ల బలిస్తే?"

ఇంతలో ఒకాయన, "కోసిన మేకల కూర ఎవరు తింటరు?" అన్నాడు.

"ఎవరూ తినరు. కాలవెడతరు."

రోగమంటే రాని కోపం అప్పుడొచ్చింది ఊరికి. "మేకను కాలవెట్టుడా!" డాక్టరుగారు ఆపమని చేతులూపుతున్నారు. కానివ్వమంటున్నారనుకుని, "సూదేసినంక జర జ్వరం గూడ వస్తది," అని కలిపాను.

దానితో జనం కదిలారు. పక్క ఊళ్లో చూసొచ్చిన ఖాళీ కట్టుగొయ్యలు నా కళ్లముందు మెదిలాయి. ఏం చేస్తున్నానో తెలియకుండానే చొక్కా చెయ్యి పైకి మడిచి అరిచాను.

"ఫికరుంటే ముందు నాకెయ్యుండ్రి!"

అందరూ ఆగారు.

"ఎయ్యుండ్రి మరి," అంది మల్లవ్వ.

డాక్టరుగారు నెత్తి కొట్టుకున్నారు. నేను సూదివైపు చూశాను. ఎడ్ల తోలు కోసం చేసిన సూది అది.

"పశువుల మందు గద, అవ్వా..." అంటూ చెయ్యి మెల్లగా దించేశాను.

మల్లవ్వ నన్ను అంగట్లో కోడెను బేరమాడేటట్టు కింది నుంచి మీది దాకా చూసి, జనం వైపు తిరిగింది.

"అబద్ధమాడేటోడైతే జర మంచిగ ఆడుతుండె. గీ పిలగానికి గంత తెలివి లేదు. చెప్పినయన్నీ నిజాలే! నా బర్రెకు ముందుగాల ఎయ్యుండ్రి."

బర్రెకు జ్వరం వచ్చింది, పోయింది. పెద్దరోగం ఆ ఊరి పొలిమేర దాటలేదు. గొంతు తిరిగొచ్చాక డాక్టరుగారి మొదటి మాట, "ఇగ ప్రతి ఊర్ల నువ్వే మాట్లాడాలె. అసొంటి మొఖం నాకు లేదు."

ఆనాడే దవాఖాన గడప ముట్టి ఒట్టు పెట్టుకున్నాను. నిజం ఎవరడిగినా, ఎంతడిగినా చెప్తాను. చొక్కా చెయ్యి మాత్రం ఈ జన్మలో మడవను.