మరక పైకి మడత

మా మేనత్త ఇస్త్రీ చేసిన చొక్కా చేతిమడత మీద దోమ వాలితే రెండు ముక్కలై కింద పడుతుంది. నమ్మకపోతే మానేయండి, ఆ ముక్కలు ఊడ్చింది నేనే. ఆమె ఇస్త్రీ గదిని ఆనుకునే నా సైకిల్ రిపేరు కొట్టు ఉంది. నాకు చదువు ఎక్కలేదని మావాళ్ళు అంటారు గానీ, నిజానికి నేనే దాని మీద జాలిపడి మధ్యలో దిగిపోయాను. ఇందులో అక్కడక్కడా గాలి కాస్త ఎక్కువ కొట్టానని మీకు అనిపిస్తే, అది వృత్తి అలవాటు. మొక్క సంగతి మాత్రం అక్షరాలా జరిగింది.

అత్త చిన్న వయసులోనే ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పనికి కుదిరింది. అక్కడి మేనేజరు "తొందరగా, తొందరగా" అని వెంటపడేవాడట. ఒకరోజు ఈవిడ ఆయన టై ఆయన మెడలో ఉండగానే ఇస్త్రీ చేసేసి, "ఇంతకంటే తొందర నా వల్ల కాదు" అని బయటికి వచ్చేసిందట. ఈ మాట నాకు మామయ్య చెప్పాడు, మామయ్యకు అత్తే చెప్పింది, కాబట్టి సాక్ష్యం గట్టిదే. ఆ తర్వాత ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుంది. బల్ల మీద పాత కంబళి, దాని మీద మాడిన మచ్చల దుప్పటి, పక్కన నీళ్ళ గిన్నె, గోడకు వరసగా మేకులు. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు దారం. మూట విప్పగానే ప్రతి బట్ట కాజాకూ ఆ ఇంటి దారం ముడేస్తుంది. ఎవరి మూటలో వచ్చిన బట్ట వాళ్ళదే. ఈ శాసనం పుణ్యమా అని మా వీధిలో ఏనాడూ ఒకరి ప్యాంటు ఇంకొకరి కాళ్ళకు ఎక్కలేదు.

పక్కింట్లో టైలరమ్మ ఉంటుంది. రెండు పెరళ్ళకూ మధ్య నడుమెత్తు గోడ. బంధుత్వం ఏమీ లేకపోయినా ఇద్దరూ ఒకరినొకరు "వదినా" అని పిలుచుకుంటారు. టైలరమ్మ కొట్టులో కుట్టిన బట్టలన్నీ నల్లదారం మూటలో, ఇంట్లో వాళ్ళవి పచ్చదారం మూటలో అత్త దగ్గరికి వస్తాయి. అత్త ఒంటి మీది కుట్టన్నది ఏదైనా టైలరమ్మ చేతిదే. ఒకరి వంటలో ఉప్పు తగ్గితే గోడ మీంచి గిన్నె అటూ ఇటూ నడిచేది. మామయ్య బ్యాంకు కాపలాదారు. ఇంట్లో ఉన్న కాసేపూ నిద్రపోతాడు, కాబట్టి అత్తకు సంసారంలో సగభాగం టైలరమ్మతోనే నడిచింది.

ఇక మొక్క. నర్సరీ ఆయన ఒకసారి కుళ్ళిపోయిందని పారేయబోతున్న కాడను అత్త అడిగి తెచ్చుకుంది. వేలెడంత కాడ. దానికి ఎండ తగిలితే అలక, నీడ ఎక్కువైతే నీరసం. అత్త దాన్ని మట్టితొట్టిలో పెట్టి, ఎండ జరిగినకొద్దీ తొట్టిని జరుపుతూ, ఇస్త్రీకి వాడే నీళ్ళే చిలకరిస్తూ పెంచింది. ఆకు సగం పచ్చ, సగం పాలమీగడ తెలుపు. ఏ రెండు ఆకులూ ఒకలా ఉండవు. ఆ నర్సరీ ఆయనే వచ్చి చూసి, "అమ్మా, ఇలాంటిది నా దగ్గర కూడా లేదు" అని నోరు తెరిచాడు. ఆ నోట్లోకి ఈగ వెళ్ళి తిరిగి వచ్చింది, అంతసేపు తెరిచాడు.

వీధంతా పిలక అడిగింది. అత్త జవాబు అందరికీ ఒక్కటే.

"ఇంకా పసిది. కత్తెర పెడితే చచ్చిపోతుంది."

"ఎన్నాళ్ళు పసిది వదినా?" అనేది టైలరమ్మ గోడ మీంచి. "ఈలోపు మా చిన్నాడికి మీసాలొచ్చాయి."

"మీసాలకేం, నీళ్ళు పోయకపోయినా వస్తాయి."

అలాంటి మొక్క ఒక మధ్యాహ్నం పోయింది. అత్త ముందుగదిలో ఇస్త్రీ చేస్తోంది, మామయ్య గురక పెడుతున్నాడు, నేను కొట్టులో ఒక మొండి టైరుతో కుస్తీ పడుతున్నాను. అత్త నీళ్ళు పోద్దామని పెరట్లోకి వెళ్తే తొట్టి ఉంది, మట్టి ఉంది, మట్టి మధ్యలో గుంట ఉంది. వెనక గేటు గొళ్ళెం ఎప్పటిలాగే వేసి ఉంది. ఆ గొళ్ళెం తీయాలంటే గేటును కాస్త పైకెత్తి లాగాలి. ఆ కిటుకు మా వీధి వాళ్ళకు తప్ప పరాయివాళ్ళకు తెలియదు.

అత్త ఏడవలేదు. గుంటలో వేలు పెట్టి చూసింది. "తడి ఆరలేదు," అంది. "తెలిసినోళ్ళే."

మామయ్య కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "పోలీసులకు చెబుదామా?"

"ఏమని? ఎత్తు మోచేయంత, రంగు సగం తెలుపు, చివరిసారి తొట్లో కనిపించిందనా? ఊరి సొమ్ముకు కాపలా కాసే మనిషివి, పది అడుగుల దూరంలో ఉండి కూడా గురక పెట్టావు. నీ మీదే నాకు మొదటి అనుమానం."

రెండో అనుమానం నా మీద. చేతులు చూపించమంది. నా చేతుల్లో గ్రీజు తప్ప ఏమీ లేదు. వాసన కూడా చూసి వదిలేసింది.

సాయంత్రానికి వీధి వీధంతా పరామర్శకు వచ్చింది. వెనక గేటు దగ్గర రోజూ రొట్టె ఇచ్చి వెళ్ళే బేకరీ ఆయనైతే బన్నులు పట్టుకొచ్చి, "ఊరుకోమ్మా, మొక్కేగా, మళ్ళీ వస్తుంది," అని ఓదార్చాడు. పొట్టి మనిషి, పెద్ద పొట్ట, మంచి నోరు. టైలరమ్మ కత్తిరింపుల దగ్గర వేసుకునే తెల్లకోటుతోనే గోడ అవతల నిలబడి, "పిలక నాకొకటి ఇచ్చి ఉంటే ఇవాళ నీకు తిరిగి ఇచ్చేదాన్ని కదా" అంది.

అందరూ వెళ్ళాక అత్త నన్ను పిలిచి గొంతు తగ్గించింది.

"విన్నావా ఆ మాట?"

"బాధతో అన్నదిలే అత్తా."

"బాధో, సంబరమో. మొక్క పోయినా నేను బతుకుతాన్రా. తీసింది మా వదిన అయితే మాత్రం ఆ గోడ వైపు మొహం పెట్టి ఎలా బతకను?"

అప్పుడే నాకు ఒక రహస్యం చెప్పింది. ఆ మొక్క పాలకు రంగుండదు. బట్టకు అంటుకుంటే మరక కనిపించదు, ఉతికితే పోదు. కానీ ఇస్త్రీపెట్టె వేడి తగిలితే గోధుమరంగులో పైకి తేలుతుంది. ఒకసారి ఆకులు తుడిచిన చేత్తో దిండు గలేబు పట్టుకుంటే, ఇస్త్రీ బల్ల మీద ఆమె వేలిముద్రలే లేచి కూర్చున్నాయట.

"పెళ్ళగించినవాడికి పాలు అంటకుండా ఉండవు. వీధిలో బట్టలన్నీ నా బల్ల మీదికే రావాలి. రానీ."

ఇక చూడాలి ఆ ఇస్త్రీ. ముందు బట్టను వెలుతురుకు ఎత్తి పట్టుకునేది. వాసన చూసేది. పెట్టెను చేతుల దగ్గర, ఒడి దగ్గర ఆపి ఆపి తిప్పేది. మూటలు పేరుకుపోయి గది పైకప్పును ముట్టుకున్నాయి. నేను సగం మూటలను నా కొట్టులోకి మార్చాల్సి వచ్చింది. ఒకాయన ప్యాంటు కోసం వచ్చి, గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏంటమ్మా, నా ప్యాంటు వాసన చూస్తున్నావు?"

"బాగా ఉతికారో లేదో అని."

"ఉతికింది మా ఆవిడ. అనుమానం ఉంటే ఆవిణ్ణి అడుగు, బతికుంటే వచ్చి చెప్పు."

అత్త నవ్వలేదు. ఎవరైనా పలకరిస్తే "ఎందుకు పలకరించాడు?" అనేది. పలకరించకపోతే "మొహం చాటేశాడు, చూశావా?" అనేది. టైలరమ్మ పంపిన కూర గిన్నెను మూత తీయకుండానే వెనక్కి పంపింది. ఆమె ఇంటి మూట కూడా ఆ వారం ఆలస్యమైంది. "చూడు, బట్టలు పంపడానికి జంకుతోంది," అంది.

తర్వాత పచ్చదారం మూట వచ్చింది. దుప్పట్లు, పిల్లాడి చొక్కాలు, అన్నీ శుభ్రం. అట్టడుగున తెల్లకోటు. అత్త దాని మీద పెట్టె ఆనించి తీసింది. ఒడి దగ్గర ముందు నీడలా కనిపించింది, తర్వాత గోధుమరంగులో చారలు చారలుగా తేలింది. తడి మొక్కను పొట్టకు అదుముకుని మోసుకెళ్ళినట్టు మరక.

అత్త పెట్టెను పక్కన నిలబెట్టి స్టూలు మీద కూర్చుండిపోయింది. నేను జోకు వేద్దామని నోరు తెరిచి మూసుకున్నాను. నా జీవితంలో అలా మూసుకోవడం అదే మొదలు.

"అడుగుదామా అత్తా?"

"అడిగితే కాదంటుంది. కాదంటే నమ్మాలనిపిస్తుంది." లేచి, కోటును ఎంతో పొందిగ్గా మడిచింది, మరక సరిగ్గా పైకి వచ్చేలా. "తీసుకెళ్ళి ఇవ్వు. ఏమీ చెప్పకు. దొంగైతే కిక్కురుమనదు."

ఇచ్చి వచ్చాను. అత్త బల్ల దగ్గర నిలబడింది గానీ పెట్టె ముట్టుకోలేదు. అటు గోడ వైపు చెవి పెట్టింది. ఏ శబ్దమూ లేదు. నిమిషాలు గడిచేకొద్దీ ఆమె మొహం వాడిపోతోంది. ఆ నిశ్శబ్దం ఆమెకు ఒప్పుకోలులా వినిపిస్తోందని నాకు అర్థమైంది.

అప్పుడు టైలరమ్మ కోటు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిపడింది. రావడమే తుఫానులా వచ్చింది. నా కొట్టులో వేలాడదీసిన ట్యూబులు ఊగాయి.

"ఏం వదినా! కళ్ళు పోయాయా, చేతులు పడిపోయాయా? బంగారంలాంటి కోటు మాడ్చి తగలేశావు! పైగా మాడింది పైకి పెట్టి మరీ పంపిస్తావా? ఎంత పొగరు!"

అత్త మొహంలో ఒక్కసారిగా రంగు వచ్చింది. నా జన్మలో తిట్లు తింటూ అంత ఆనందపడిన మనిషిని చూడలేదు. కానీ నోరు మాత్రం ఊరుకోలేదు.

"మాడ్చలేదు. అది నా మొక్క పాలు. నీ కోటు మీదికి ఎలా వచ్చాయో నువ్వే చెప్పు."

టైలరమ్మ మరకను గోటితో గీకి చూసింది. "అంటే... కూర గిన్నె తిప్పి పంపింది ఇందుకా?"

అత్త బల్ల మీది దుప్పటి ముడత సరిచేసింది.

"నన్ననుకున్నావా వదినా? నన్ను?" అని, కోటు విదిలించి గబగబా తొడుక్కుంది. ఆమె కరెంటు స్తంభంలా పొడుగు, సన్నం. చేతులు మోచేతి దగ్గరే ఆగిపోయాయి. నడుం దగ్గర ఇంకో మనిషి పట్టేంత చోటుంది. "చూడు! ఇది నా కోటా? ఇందులో నేనూ నా కుట్టుమిషనూ కలిసి కాపురం ఉండొచ్చు. బేకరీ ఆయనది. చేతులు పొడుగై పిండిలో పడుతున్నాయి, కురచ చేసి పెట్టమంటే చేశా. కొట్టు మూట అప్పటికే పంపేశా, ఆయన తొందరపెడితే ఇంటి మూటలో పడేశా."

అనుమానం పట్టిన కళ్ళకు మరక కనిపించింది గానీ కోటు కనిపించలేదు. పైగా సొంత శాసనమే ముంచింది: ఎవరి మూటలో వస్తే వాళ్ళదే కదా.

ఇద్దరూ బేకరీకి బయల్దేరారు. పక్కపక్కన కాదు, ఒకరి వెనక ఒకరు. రక్తపాతం జరిగితే ఆపడానికి నేనూ వెళ్ళాను. అత్త కోటును బల్ల మీద పెట్టింది, మరక పైకి. బేకరీ ఆయన చూశాడు. ఏమైందని అడగలేదు. ఎవరు మాడ్చారని అడగలేదు. తేలు కుట్టిన దొంగలా కోటు తీసుకుని బల్ల కింద పెట్టి, "బన్నులు కావాలామ్మా?" అన్నాడు.

టైలరమ్మ అత్త వైపు తిరిగింది. "చూశావా? దొంగ అంటే ఇలా ఉంటాడు. నేను ఇలా ఉన్నానా?"

అత్త మాత్రం బేకరీ ఆయనతోనే మాట్లాడింది. "అన్నయ్యా, మిగిలింది ఇచ్చెయ్. వీధిలో ఎవరికీ చెప్పను."

ఆయన తల వంచుకుని లోపలికి వెళ్ళాడు. మొక్కను ఎవరి కంటా పడకుండా పొయ్యి గది కిటికీలో దాచుకున్నాడట. ఆ వేడికి ఆకులన్నీ కమిలి రాలిపోయాయి. రొట్టె కాగితంలో చుట్టి తెచ్చింది ఒక్క కాడ, దాని మీద ఒక్క ఆకు. "అడిగితే ఇవ్వవని..." అని నసిగాడు. అత్త ఆ కాగితం పొట్లాన్ని రెండు చేతులతో అందుకుని బయటికి నడిచింది.

దారిలో అత్త ఆ కాడను టైలరమ్మ చేతిలో పెట్టింది. "నీ పెరట్లో పెట్టుకో వదినా."

"అబ్బే, వద్దు తల్లీ. రేపు దానికి జలుబు చేసినా నన్నే అంటావు. నీ దగ్గరే ఉంచుకో."

"నా దగ్గరుంటే నువ్వు నన్ను క్షమించలేదని తెలుస్తుంది."

"క్షమించలేదు. తెలియనీ."

చివరికి తొట్టి మధ్యగోడ మీద కూర్చుంది, సగం అటు, సగం ఇటు. కూర గిన్నెలు మళ్ళీ నడవడానికి చాలా రోజులు పట్టింది గానీ, కాపలా మాత్రం ఆ పూటే మొదలైంది. కాడ చిగురు వేసి నాలుగు ఆకులు తొడిగింది. ఆ మధ్య ఒకరోజు పొద్దున నేను కొట్టు తెరుస్తుంటే గోడ దగ్గర టైలరమ్మ గొంతు వినిపించింది.

"వదినా! ఒక ఆకు తక్కువుందేంటి?"

"పండి రాలిపోయింది వదినా."

"రాలింది ఏది? చూపించు."

అత్త ఇస్త్రీ ఆపి, చెత్తబుట్టలో వెతికి, ఎండిన ఆకు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది.