మా బావ మెడలో స్పేర్ రెగ్యులేటర్

నిన్న పొద్దున్న లంబాలైన్‌లో మా ఇంటి మీదుగా విమానం దిగుతున్న హోరులో మా అమ్మాయి ఫోన్ చేసి, "మమ్మీ, స్పేర్ రెగ్యులేటర్ పక్కన తగిలించుకునేది తీసుకోనా, మెడలో వేసుకునేది తీసుకోనా? జల్దీ చెప్పు, దుకాణం భయ్యా చూస్తన్నాడు" అని అడిగేసరికి, కడుగుతున్న చేపల గిన్నె అక్కడే వదిలేసి గెంతినంత పని చేశాను. చీర కొనేటప్పుడు నన్ను ఏనాడూ అడగని పిల్ల, టూరిస్టుల్ని డైవింగ్‌కి తీసుకెళ్లే ఉద్యోగం రాగానే ఊపిరి సంగతి నన్నే అడిగింది మరి! మెడలోదే తీసుకోమన్నాను. ఎందుకో చెప్పాలంటే నా పెళ్లికి ముందు రోజుల్లోకి వెళ్లాలి.

మాది హోప్ టౌన్, చేపల వేటకెళ్లే కుటుంబాలు మావి. మా దీవుల్లో స్కూబా డైవింగ్ అప్పుడప్పుడే మొదలైనప్పుడు నేనూ, మా మేనమామ కొడుకూ, అంటే ఇప్పటి మా వారూ, ఒకే డైవింగ్ షాపులో పనికి కుదిరాం. ఆడపిల్లకి నీళ్లకింద ఏం పనని గొణిగినా, బావ తోడున్నాడు కదా అని మా అమ్మ ఊరుకునేది. ఆవిడ భయపడాల్సింది ఆ తోడుకేనని తర్వాత గానీ తెలుసుకోలేదు లెండి. వీపున ట్యాంకు ఒకటే అయినా, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటర్లు దానికి రెండుంటాయి: ఒకటి మనకి, రెండోది పక్కవాళ్ల గాలి అయిపోతే ఇవ్వడానికి. ఆ రెండోది పక్కన వేలాడుతూ ఇసుకలో ఈడ్చుకుపోతోందని మా బావకి మహా చిరాకు. ఒకరోజు వల అల్లే నైలాన్ తాడు తెచ్చి, దాన్ని గడ్డం కింద, మెడకి బిగించి కట్టేసుకున్నాడు. వలలకి ముళ్లు వేసే చెయ్యి ఊడొచ్చే ముడి ఎందుకు వేస్తుంది? మా తాత నేర్పిన ముడి అది, కత్తి పెడితే తప్ప రాదు.

సరిగ్గా ఆ పూటే నా రెగ్యులేటర్ పాడై, ట్యాంకులో గాలంతా బుడగలై బయటికి తన్నుకుపోయింది. ట్యాంకే ఖాళీ అయ్యాక నా స్పేర్ మాత్రం ఏం పనికొస్తుంది? గాలి లేదని సైగ చేశాను. బావ తన స్పేర్‌ని లాగాడు, రాలేదు. మళ్లీ లాగాడు, రాలేదు. అద్దం వెనక ఆ కళ్లు ఎంత పెద్దవయ్యాయో! మరుక్షణం తన నోట్లోది తీసి నా నోట్లో పెట్టేశాడు. అబ్బ, ఆ మొదటి ఊపిరి! మరి ఈయనేం పీలుస్తాడని నేను హడలిపోతుంటే, తల కాస్త వంచి, గడ్డం కిందే ఉన్న ఆ స్పేర్‌ని నోటితో అందుకున్నాడు. నా నోట్లోదాన్ని ఆయన ట్యాంకుకి కలిపే పైపు పొట్టిది కావడంతో చెంపకు చెంప ఆనించుకుని మెల్లగా పైకి తేలాం. తేలీ తేలగానే, "సూసావేటే, నా ముడి ఊడనేదు!" అన్నాడు. ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చి, పడవలో వాళ్లు చూస్తున్నారని కూడా లేకుండా ఆయన్ని రెండు బాదాను.

లోకంలో ఎవరికీ తట్టనిది మాకే తట్టిందని ఊరంతా చాటుకున్నాం. పొడవాటి పైపుతో, మెడలో రబ్బరు తాడుతో పైదేశాల వాళ్లు ఎప్పటినుంచో అలాగే దిగుతున్నారని తర్వాత తెలిసింది. అయినా మా గొప్ప మాదే.

ఆ రోజుల్లో నీళ్లలోకి దిగితే పక్కన ఉండేది మన మనిషే. బుడగలు చూసి బావ అలిసిపోయాడో లేదో చెప్పేసేదాన్ని. ఇప్పుడు మా పిల్ల పక్కన రోజుకొక కొత్త మనిషి. ఎవరికి గాలి అయిపోయినా ముందు తన నోట్లోదే తీసి ఇస్తుంది, ఇవ్వమని చెప్పింది నేనే. గర్వంగా ఉంది, నిన్నటినుంచి నిద్రా లేదు. ఆ కథ మేం చెప్పిన ప్రతిసారీ, ఆయన నోట్లోది తీసి నాకిచ్చిన చోటు రాగానే మా అత్త ఎందుకు లేచి లోపలికి వెళ్లిపోయేదో నాకిప్పుడు తెలిసింది.