పస్తుండి మోసిన పల్లకి

బరంపురంలో, మా అంకులి పేట సత్సంగం ఆదివారాల్లో కూడుతుంది. భోజనానికి ముందు, కడుపులో అన్నాన్ని అరిగించే నిప్పు భగవంతుడేనని శ్లోకం చదువుతాం. చదివి, ఆ నిప్పుకు ఏ పనీ చెప్పకుండా కూర్చున్నచోటే నాలుగేసి లడ్డూలు వేస్తాం. అందరికంటే గట్టిగా చదివేది నేనే.

సముద్రపొడ్డున మా సొంతూరు ఆర్యపల్లిలో అమ్మవారి పల్లకి ముందు బొంగు మా నాన్న మోసేవాడు. ఆయన పోయాక ఆ చోటు నాకిమ్మన్నాను. మోసేవాళ్ళను ఎంచే మేనమామ నా పొట్ట చూసి నవ్వాడు. ఆ పౌరుషంతో జిమ్ములో చేరాను. అక్కడివాళ్ళ దేవుడు అద్దంలో ఉంటాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు దర్శనం!

కసరత్తు నేర్పే ఒడియా అతను పల్లకి సంగతి విని, బాబాయి వరస కలిపి ఓపిగ్గా చెప్పాడు: "మౌసా, బరువులొక్కటే చాలవు. కండలో దాచుకున్న శక్తి కాసేపట్లో కాలిపోతుంది. ఎక్కువసేపు మొయ్యాలంటే ఊపిరి నిలవాలి. రోజూ నడవండి. మోసే ముందురోజు కడుపునిండా అన్నం తినండి."

నిప్పు సంగతి నాకే చెబుతున్నాడే అనుకున్నాను. నడవలేదు. అయినా నా కండలు చూసి, ఆ ఏటి జాతరకు మామ ముందు బొంగు నాకిచ్చాడు.

పల్లకి మోసేవాళ్ళు జాతర ఉదయం ఏమీ ముట్టరు. అందుకే ముందు సాయంత్రం దిట్టంగా తింటారు. ఇదేం భక్తని ఈసడించి, అందరికీ చెప్పి మరీ నేను రెండు రోజులు పూర్తిగా పస్తున్నాను.

గుడి దాటి ఇసుకలో దిగాక తొడలు మండాయి. ఊపిరి అందలేదు. కళ్ళు చీకట్లు కమ్మి, పల్లకి నా వైపు ఒరిగింది. మామ పరుగున వచ్చి భుజం దూర్చాడు. అరవై దాటిన మనిషి, రోజూ వల లాగే మనిషి.

"ఏటల్లుడా, రెండు దినాలు తిన్నేదా? తినొద్దని అమ్మోరు సెప్పిందేటి?"

చేపలమ్మే మా పిన్ని అందుకుంది: "జిమ్ము ఒళ్ళు బాబూ, ఇసకలో నడవదు. ఎదర ఓ అద్దం పెట్టండి, ఎల్తాది!"

నవ్వుల మధ్య పల్లకి సముద్రానికి వెళ్ళిపోయింది. అమ్మవారికి నా పస్తుతో పనిపడలేదు.

అప్పట్నుంచి ఆదివారం ఉదయాన్నే ఆర్యపల్లి వెళ్ళి, వల తాడు లాగి, ఆ తరువాతే సత్సంగానికి వస్తున్నాను. మొదటి వారాల్లో సగంలోనే ఇసుకలో కూలబడేవాణ్ణి. ఇప్పుడు వల ఒడ్డుకు చేరేదాకా ఊపిరి నిలుస్తోంది. లడ్డూలు మానలేదు. వాటికిప్పుడు పనుంది.

మొన్న అడిగాను. "ముందు బొంగు ఈ ఏడు నాదేనా, మామా?"

తాడు చుడుతూ అన్నాడు: "ముందురోజు తినడానికి రా. నువ్వు తిన్నది సూసి సెప్తాను."